కిరణాలు - కొత్త వంగడాలు

తెలుగువారి భోజనంలో సాంబమసూరి బియ్యానికి విశిష్టమైన స్థానం ఉంది. సన్నని ఆ బియ్యపు అన్నం విస్తట్లో కనిపిస్తేనే భోజనం తృప్తిగా ఉన్నదని భావించేవారు ఎందరో ఉన్నారు. బాపట్ల పరిశోధనా స్థానం నుంచి 1986లో బి.పి.టి.-5204 అనే పేరుతో విడుదలైన ఈ వంగడానికి మూడు పూర్వ వంగడాలు మాతృకలుగా నిలిచాయి. వాటిలో ఒకటి జి.ఇ.బి.-24. రెండవది తైవాన్ దేశానికి చెందిన తైచుంగ్ నేటివ్-1. మూడవది మసూరి. వీటిలో జి.ఇ.బి.-24 జన్మ వృత్తాంతం ఆసక్తికరమైనది. దానిని ఎవరూ సంకరణం చేసి సృష్టించలేదు. నాటి మద్రాసు రాజధానిలోని కోయంబత్తూరు వరి పరిశోధనా క్షేత్రంలో కోనమణి అనే వరి పైరు మధ్య తక్కినవాటికి భిన్నమైన మొక్క ఒకటి తనంత తానుగా మొలిచింది. దాని గింజ సన్నగా, నాణ్యంగా ఉండడం గమనించిన శాస్త్రజ్ఞులు ఆ విత్తనాన్ని వేరుచేసి, వృద్ధిచేసి, 1921లో రైతులకు అందించారు. తైచుంగ్ నేటివ్-1కు పొట్టి కాండాన్ని ప్రసాదించిన లక్షణం కూడా ఒక పాత వరి రకంలో ప్రకృతి సహజంగా సంభవించిన మార్పే.

ఇలా ఒక జీవిలోని జన్యు పదార్థంలో హఠాత్తుగా ఏర్పడి, తరువాతి తరాలకు సంక్రమించే మార్పును శాస్త్రజ్ఞులు 'ఉత్పరివర్తనం' అంటారు. పంటల మెరుగుదలకు మూలాధారం ఇదే. ఒక పొలంలోని మొక్కలన్నీ అన్ని విధాలా ఒకే తీరున ఉంటే వాటిలో మేలైనదాన్ని ఎన్నుకోవడానికి అవకాశమే ఉండదు. పొడుగు, పొట్టి, ముందు పండేది, ఆలస్యంగా పండేది, తెగులుకు లొంగేది, తట్టుకొనేది - ఇటువంటి భేదాలు ఉన్నప్పుడే రైతుకు గాని, శాస్త్రజ్ఞునికి గాని ఎంపికకు వీలు కలుగుతుంది. ఈ భేదాల సమాహారాన్నే జన్యు వైవిధ్యం అంటాం. వేలాది సంవత్సరాలుగా రైతులు తమ చేలలో కనిపించిన మంచి కంకిని, మంచి గెలను విత్తనానికి దాచుకుంటూ వచ్చారు. వారికి జన్యుశాస్త్రం తెలియకపోయినా, వారు చేసినది ప్రకృతి ప్రసాదించిన ఉత్పరివర్తనాల నుంచి ఎంపికయే.

అయితే ప్రకృతి చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. ఉపయోగకరమైన ఉత్పరివర్తనం ఎప్పుడు, ఎక్కడ, ఏ మొక్కలో సంభవిస్తుందో ఎవరూ చెప్పలేరు. సంభవించినా అది మానవుని కంటబడుతుందన్న నమ్మకం లేదు. ఏ పశువో మేసివేయవచ్చు, ఏ కూలీ చేతిలోనో తక్కిన పంటతో పాటు కోతకు గురికావచ్చు. అటువంటప్పుడు ప్రకృతి చేసే ఈ పనిని మానవుడు త్వరితం చేయగలడా అన్న ప్రశ్న ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలోనే శాస్త్రజ్ఞుల మనస్సులలో ఉదయించింది.

ఒక ఆలోచన - ఒక సందేహం

డచ్చి వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూగో డి వ్రీస్ 1901లో ఉత్పరివర్తన సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఎక్స్-కిరణాల వంటి శక్తిమంతమైన కిరణాలతో ఈ మార్పులను కృత్రిమంగా కలిగించవచ్చునేమోనని ఆయనే ఊహించాడు. ఆ ఊహ నిజమని నిరూపించడానికి మరో పాతికేళ్ళు పట్టింది. అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్మన్ జోసెఫ్ ముల్లర్ 1927లో పండ్ల ఈగలపై ఎక్స్-కిరణాలను ప్రసరింపజేసి, వాటి సంతతిలో ఉత్పరివర్తనాల సంఖ్య సహజ స్థితిలో కంటె ఎన్నో రెట్లు పెరుగుతుందని వెల్లడించాడు. ఈ పరిశోధనకు ఆయన 1946లో నోబెల్ బహుమతిని అందుకొన్నాడు. దాదాపు అదే కాలంలో మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ స్టాడ్లర్ బార్లీ, మొక్కజొన్న పంటలలో ఇటువంటి ఫలితాలనే సాధించి 1928లో ప్రకటించాడు.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. మొక్కలలో కిరణాల ప్రభావాన్ని నిరూపించిన స్టాడ్లరే, ఆ పద్ధతి పంటల అభివృద్ధికి అంతగా ఉపకరిస్తుందని విశ్వసించలేదు. ఆయన చూసిన మార్పులలో అత్యధికం హానికరమైనవి. ఆకుపచ్చదనం కోల్పోయి తెల్లబారిన మొలకలు, గింజ పట్టని కంకులు, ఎదుగుదల లేని గిడసబారిన మొక్కలు ఆయనకు కనిపించాయి. ఆయన సందేహం నిరాధారమైనది కాదు. కానీ స్వీడన్ దేశంలో నిల్సన్-ఎహ్లె, గుస్టాఫ్సన్ అనే శాస్త్రజ్ఞులు నిరుత్సాహపడక బార్లీపై ప్రయోగాలను ఏళ్ళ తరబడి కొనసాగించారు. వేలాది నిష్ప్రయోజకమైన మార్పుల నడుమ అరుదుగానైనా గట్టి కాండం, త్వరగా పంటకు రావడం వంటి మేలైన లక్షణాలు లభిస్తాయని వారు చూపగలిగారు. ఆ అరుదైన దానిని వెదకి పట్టుకొనే ఓర్పు, క్రమశిక్షణ ఉన్నప్పుడే ఈ పద్ధతి ఫలిస్తుందని వారి అనుభవం చాటింది. ఈ శాస్త్ర చరిత్ర అంతటికీ సారాంశం ఈ ఒక్క మాటలోనే ఉంది.

విత్తనంలో జరిగేది

విత్తనంపై కిరణాలు ప్రసరించినప్పుడు దానిలో ఏమి జరుగుతుంది? విత్తనం లోపల పిండం ఉంటుంది. ఆ పిండం అనేక కణాల సముదాయం. ప్రతి కణం కేంద్రకంలోను క్రోమోసోములు, వాటిలో డి.ఎన్.ఎ. అనే పొడవైన పోగులు ఉంటాయి. మొక్క ఎంత ఎత్తు పెరగాలి, ఎప్పుడు పూయాలి, గింజ ఏ రంగులో ఉండాలి అనే సమాచారమంతా ఆ పోగులలో నిక్షిప్తమై ఉంటుంది. గామా కిరణం వంటి శక్తిమంతమైన కిరణం కణంలోకి చొచ్చుకొని పోయినప్పుడు అణువులలోని ఎలక్ట్రాన్లను వెడలగొడుతుంది. కొన్నిచోట్ల డి.ఎన్.ఎ. పోగు సూటిగా తెగుతుంది. కొన్నిచోట్ల కణంలోని నీటి అణువులు విచ్ఛిన్నమై, వాటి నుంచి వెలువడిన చురుకైన భాగాలు డి.ఎన్.ఎ.ను గాయపరుస్తాయి. తెగిన పోగును అతికించుకొనే శక్తి కణానికి ఉంది. అతుకు సరిగా పడితే ఏ మార్పూ ఉండదు. అతికించడంలో ఒక ముక్క జారిపోయినా, తలక్రిందులైనా, మరొకచోట చేరినా ఆ తప్పు శాశ్వతమవుతుంది. ఆ తప్పే ఉత్పరివర్తనం.

ఈ పనికి సాధారణంగా ఎక్స్-కిరణాలను, గామా కిరణాలను, న్యూట్రాన్లను వినియోగిస్తారు. గామా కిరణాలకు ప్రధాన ఆధారం కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక మూలకం. సీసపు కవచం నడుమ ఉంచిన కోబాల్ట్ కడ్డీల మధ్యకు విత్తనాలను పంపి, నిర్ణీతమైన సమయం పాటు కిరణాలకు గురిచేసి వెలుపలికి తీస్తారు. విత్తనం గ్రహించిన కిరణ మోతాదును 'గ్రే' అనే ప్రమాణంలో కొలుస్తారు. మనిషి శరీరమంతటికీ ఒక్కసారిగా నాలుగైదు గ్రేల మోతాదు తగిలితే, తగిన చికిత్స లభించనప్పుడు ప్రాణాపాయం తప్పదు. కానీ ఎండిన వరి గింజ వందలాది గ్రేలను భరించి కూడా మొలకెత్తగలదు. ఎండిన విత్తనంలో నీరు స్వల్పంగా ఉండడం, దాని కణాలు విశ్రాంతి దశలో ఉండడం ఇందుకు ముఖ్య కారణాలు.

మోతాదు నిర్ణయంలో ఎంతో వివేకం అవసరం. మోతాదు తక్కువైతే మార్పులు కలుగవు. ఎక్కువైతే విత్తనాలు చనిపోతాయి. అందువల్ల శాస్త్రజ్ఞులు ముందుగా కొద్ది విత్తనాలపై వేర్వేరు మోతాదులను ప్రయోగించి, మొలకల మనుగడ, ఎదుగుదల ఏ మోతాదు వద్ద దాదాపు సగానికి తగ్గుతున్నాయో పరిశీలిస్తారు. ఆ స్థాయికి దగ్గరగా అసలు మోతాదును నిర్ణయిస్తారు. పంట మారితే మోతాదు మారుతుంది. ఒకే పంటలోనూ రకాన్నిబట్టి, విత్తనంలోని తేమనుబట్టి భేదం ఉంటుంది.

తరతరాల ఎంపిక

విత్తనాలకు కిరణాలు సోకించడానికి కొద్ది నిమిషాలో, గంటలో చాలు. దాని ఫలితాన్ని అందుకోవడానికి ఎన్నో సంవత్సరాలు కావాలి. దీనికి కారణం మొక్క నిర్మాణంలోనే ఉంది.

కిరణాలు సోకిన విత్తనాల నుంచి వచ్చిన పైరును మొదటి తరం అంటారు. పిండంలోని వేర్వేరు కణాలలో వేర్వేరు మార్పులు జరుగుతాయి కనుక ఈ తరపు మొక్క అతుకుల బొంతను పోలి ఉంటుంది. దాని ఒక పిలక మారిన కణం నుంచి, మరొక పిలక మారని కణం నుంచి పుట్టి ఉండవచ్చు. పైగా జన్యువులు జతలు జతలుగా ఉంటాయి. జతలో ఒకటి మారినా రెండవది యథాతథంగా ఉంటే చాలా సందర్భాలలో మార్పు పైకి కనిపించదు. మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణం ఇదే. కాబట్టి మొదటి తరంలో శాస్త్రజ్ఞుడు ఎంత పరిశీలించినా ప్రయోజనం స్వల్పమే. ఆ మొక్కలను కాపాడి, స్వపరాగ సంపర్కం జరిపించి, వాటి విత్తనాలను విడివిడిగా సేకరించడమే అప్పటి కర్తవ్యం.

రెండవ తరంలో అసలు కథ మొదలవుతుంది. మారిన జన్యువులు రెండూ ఒకేచోట కూడిన మొక్కలు, అంటే లెక్క ప్రకారం నాలుగింట ఒక వంతు, కొత్త లక్షణాన్ని ప్రదర్శిస్తాయి. కానీ కోరుకున్న మార్పు ఏ విత్తనంలో జరిగిందో ముందుగా తెలియదు. అందుచేత వేల సంఖ్యలో, ఒక్కొక్కప్పుడు పదివేలకు మించి, మొక్కలను పెంచి వరుస వరుసనా నడుస్తూ పరిశీలించాలి. పొట్టిగా ఉన్నదేది, ముందుగా పూసినదేది, చుట్టూ ఉన్న మొక్కలన్నీ తెగులుతో వాడినా పచ్చగా నిలిచినదేది అని గుర్తించాలి. ఈ పనిలో యంత్రం కంటె అనుభవజ్ఞుని కన్ను ముఖ్యం.

మూడవ తరం నుంచి మరొక పరీక్ష ఆరంభమవుతుంది. కనిపించిన మార్పు నిజంగా వంశపారంపర్యమైనదా, లేక ఎరువో నీరో ఎక్కువ దొరకడంవల్ల కలిగిన తాత్కాలిక భేదమా అన్నది తేల్చాలి. అది స్థిరంగా నిలిచిన పిదప దిగుబడిని పాత రకాలతో పోల్చాలి. ఆ తరువాత వేర్వేరు నేలలలో, వేర్వేరు వాతావరణాలలో పండించి చూడాలి. ఈ దశలన్నీ దాటేసరికి సాధారణంగా ఆరేడు తరాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి గడుస్తాయి. పదివేల మొక్కలతో ఆరంభమైన ప్రయత్నం చివరకు ఒకే ఒక్క వంగడంతో ముగియవచ్చు. ఒక్కటీ మిగలక ముగియడమూ ఉంది.

మెట్ట పొలంలో అరుణోదయం

ఈ పద్ధతి రైతు జీవితాన్ని ఎలా ప్రభావితం చేయగలదో తెలుసుకోవడానికి మన నేలకు చెందిన ఉదాహరణ ఒకటి ఉంది. తెలంగాణలోని మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల చల్కా నేలలలో ఆముదం చిరకాలంగా సాగులో ఉన్న పంట. ఆ నేలలు తేలికైనవి. వాటికి నీటిని ఎక్కువ కాలం నిలుపుకొనే శక్తి లేదు. తొలకరిలో విత్తిన పైరుకు నైరుతి ఋతుపవనాల వానలే ఆధారం. ఆ వానలు అక్టోబరు నాటికి వెనుకబడతాయి.

ఆనాడు సాగులో ఉన్న హెచ్.సి.-6 వంటి ఆముదపు రకాలు పూర్తిగా పంటకు రావడానికి సుమారు 270 రోజులు, అంటే తొమ్మిది నెలలు పట్టేది. జూన్, జూలై నెలలలో విత్తిన పైరు మార్చి, ఏప్రిల్ వరకు నేలపై నిలవాలి. వానలు వెళ్ళిపోయిన తరువాత అయిదారు నెలల పాటు ఆరిపోతున్న నేలలోని తేమతోనే గెలలు తొడిగి, కాయలు నిండాలి. వాన ముందుగా ముఖం చాటేస్తే రైతు ఏడాది కష్టమంతా వృథా. పండినా కూడా పొలం తొమ్మిది నెలలు ఒకే పంటకు అంకితమైపోతుంది.

1960వ దశకంలో హైదరాబాదుకు చెందిన పరిశోధకులు హెచ్.సి.-6 విత్తనాలను థర్మల్ న్యూట్రాన్లకు గురిచేశారు. వాటి సంతతిలో త్వరగా పూసి, త్వరగా కాచే మొక్కలను ఎన్నుకొన్నారు. ఆముదం పరపరాగ సంపర్కానికి అవకాశమున్న పంట. పక్క మొక్కల పుప్పొడి వచ్చి పడితే ఎన్నుకొన్న లక్షణం కల్తీ అవుతుంది. అందువల్ల ఇటువంటి పంటలలో గెలలకు సంచులు తొడిగి శుద్ధమైన విత్తనాన్ని సేకరించవలసి ఉంటుంది. ఆ కృషి ఫలితంగా రూపొందిన వంగడం 'అరుణ' అనే పేరుతో 1969లో విడుదలయింది. దాని పంటకాలం సుమారు 120 రోజులు. తొమ్మిది నెలల పంట నాలుగు నెలలకు కుదించుకు వచ్చింది.

ఈ సంఖ్యల వెనుక ఉన్న అర్థాన్ని గ్రహించాలి. నాలుగు నెలల పైరు వానల కాలంతో పాటే తన జీవితాన్ని ముగించుకోగలదు. తొలకరిలో మొలిచి, వానలు వెనుకబడే వేళకు గెలలు కోతకు సిద్ధమవుతాయి. ఆకాశం దయ తలచినన్నాళ్ళలోనే పంట చేతికి వచ్చే అవకాశం మెట్ట రైతుకు కలిగింది. నీటి వసతి కల్పించలేని చోట, నీటి అవసరాన్నే తగ్గించడం ద్వారా శాస్త్రం రైతుకు తోడు నిలిచింది. తరువాతి కాలంలో మరింత దిగుబడినిచ్చే సంకర రకాలు ఆముదంలో వచ్చి, అరుణ స్థానాన్ని ఆక్రమించాయి. వంగడాలకు కూడా మనుషుల వలెనే ఒక ఆయుష్కాలం ఉంటుంది. అయినప్పటికీ ఆముదం స్వల్పకాలంలో పండగలదని నిరూపించిన ఘనత అరుణకు దక్కింది.

గోధుమ గింజ రంగు - వేరుశెనగ గింజ పరిమాణం

భారతదేశంలో ఈ శాస్త్రానికి పునాదులు స్వాతంత్ర్యానంతరం తొలి దశకాలలోనే పడ్డాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో 1960లో గామా ఉద్యానం ఏర్పాటయింది. 1960వ దశకంలో మెక్సికో నుంచి వచ్చిన సొనోరా-64 అనే పొట్టి గోధుమ అధిక దిగుబడి ఇచ్చింది గాని, దాని గింజ ఎర్రగా ఉండేది. రొట్టె తెల్లగా, మెత్తగా ఉండాలని కోరుకొనే ఉత్తర భారతీయులకు అది నచ్చలేదు. దిగుబడి ఎంత ఉన్నా అంగడిలో ధర పలకని పంటను రైతు పండించడు. డాక్టర్ ఎం.ఎస్. స్వామినాథన్ నేతృత్వంలోని శాస్త్రజ్ఞులు సొనోరా-64 విత్తనాలపై గామా కిరణాలను ప్రసరింపజేసి, వాటి సంతతి నుంచి తేనెరంగు గింజలు గల మొక్కలను ఎన్నుకొన్నారు. 1967లో విడుదలైన ఆ వంగడమే శర్బతీ సొనోరా. మంచి వంగడంలోని ఒక్క లోపాన్ని సవరిస్తూ, తక్కిన సుగుణాలను యథాతథంగా నిలుపుకోవడానికి ఈ పద్ధతి ఎంతగా అనువైనదో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ముంబయి సమీపంలోని ట్రాంబేలో ఉన్న భాభా అణు పరిశోధనా కేంద్రం ఈ కృషిని మరొక మెట్టు ఎక్కించింది. అక్కడి శాస్త్రజ్ఞులు స్పానిష్ ఇంప్రూవ్డ్ అనే వేరుశెనగ రకం విత్తనాలను ఎక్స్-కిరణాలకు గురిచేసి, పెద్ద గింజలు గల మొక్కలను సాధించారు. టి.జి.-1 అనే వంగడం 1973లో విడుదలయింది. అంతటితో ఆగక వారు ఒక ఉత్పరివర్తనాన్ని మరొక దానితో సంకరణం చేసి, వేర్వేరు మొక్కలలో లభించిన మంచి లక్షణాలను ఒకే మొక్కలోకి చేర్చారు. అలా 1991లో వచ్చిన టి.ఎ.జి.-24 పొట్టిగా ఉండి, తాను తయారు చేసుకొన్న ఆహారంలో అధిక భాగాన్ని ఆకులకు, కొమ్మలకు కాక కాయలకు మళ్ళించే స్వభావం గలది. తెలుగు నేలపై కూడా రైతులు దీనిని సాగుచేశారు. వేరుశెనగ, మినుము, పెసర, కంది, వరి మొదలైన పంటలలో ఈ కేంద్రం ఇంతవరకు 60కి పైగా వంగడాలను వెలువరించింది. అణుశక్తి అనగానే హిరోషిమా గుర్తుకు రావడం సహజం. ఆ శక్తియే రైతు గాదెను నింపడానికి కూడా ఉపకరించగలదనడానికి ఈ వంగడాలు సాక్ష్యాలు.

ప్రపంచ వ్యాప్తంగా

1964లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి వియన్నా నగరంలో ఒక ఉమ్మడి విభాగాన్ని నెలకొల్పాయి. ఈ విభాగం నిర్వహించే పట్టికలో 70కి పైగా దేశాలకు చెందిన 3,400కు మించిన వంగడాలు నమోదయ్యాయి. వాటిలో చెకొస్లొవేకియాలో 1965లో విడుదలైన డయమంట్ బార్లీ ఒకటి. దాని కాండం మాతృక కంటె సుమారు 15 సెంటీమీటర్లు పొట్టిది. ఆ పొట్టితనంవల్ల గాలివానకు పైరు పడిపోకుండా నిలిచింది. దానిని తల్లిగానో తండ్రిగానో ఉపయోగించి వందకు పైగా కొత్త రకాలను రూపొందించారు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో కాల్‌రోజ్ అనే పొడుగు వరి రకం విత్తనాలపై గామా కిరణాలను ప్రసరింపజేయగా, మాతృక కంటె సుమారు నాలుగో వంతు పొట్టిదైన కాల్‌రోజ్-76 లభించింది. 1976లో విడుదలైన ఈ రకాన్ని పరిశీలించినప్పుడు ఒక అద్భుతం బయటపడింది. దానిలో కిరణాలు మార్చిన జన్యువు, తైచుంగ్ నేటివ్-1కు పొట్టితనాన్ని ఇచ్చిన జన్యువు ఒకటే. మన సాంబమసూరి పూర్వికులలో ప్రకృతి ఏనాడో తట్టిన తలుపునే, సముద్రాల కావల ఒక ప్రయోగశాలలో కిరణం మళ్ళీ తట్టింది. కిరణాలు కలిగించే మార్పులు ప్రకృతికి పూర్తిగా అపరిచితమైనవేమీ కావని దీనినిబట్టి గ్రహించవచ్చు.

విజయాలతో పాటు ఒక వైఫల్యాన్ని కూడా చెప్పుకోవాలి. 1959లో ఇంగ్లండుకు చెందిన మ్యూరియల్ హోవర్త్ అనే మహిళ అటామిక్ గార్డెనింగ్ సొసైటీ అనే సంఘాన్ని స్థాపించి, కిరణాలు సోకిన విత్తనాలను ఔత్సాహికులకు పంచిపెట్టింది. ఇంటి పెరడులో విత్తుకొని, ఏదైనా వింత మొక్క కనిపిస్తే తెలియజేయాలని సభ్యులను కోరింది. ఆమె ఆశయం మంచిదే. అయితే ఒక్కొక్క పెరటిలో పెరిగినవి కొద్ది మొక్కలే. కొత్త మొక్కను పోల్చి చూడటానికి తగిన ఏర్పాట్లు లేవు. తరతరాల పరిశీలనకు కావలసిన వ్యవస్థ లేదు. కొద్ది కాలానికే ఆ ఉత్సాహం చల్లారింది. కిరణం అందరికీ అందుబాటులోకి వచ్చినా, దాని వెనుక నడవవలసిన శ్రమ లేకపోతే ఫలితం శూన్యమని ఈ ఉదంతం బోధిస్తుంది.

అపోహలు - వాస్తవాలు

కిరణాలు సోకిన విత్తనం నుంచి వచ్చిన పంటను తింటే మనకు కూడా కిరణాల ప్రభావం సోకుతుందా అన్న భయం పలువురిలో ఉంది. ఈ భయానికి ఆధారం లేదు. దీపపు వెలుతురులో ఉంచిన పుస్తకం తాను దీపంగా మారదు. అదే విధంగా కోబాల్ట్-60 గామా కిరణాలు సోకిన విత్తనం రేడియోధార్మికం కాదు. న్యూట్రాన్లకు గురైన విత్తనంలో స్వల్పంగా రేడియోధార్మికత ఏర్పడవచ్చు గాని, అది క్షీణించిపోతుంది. రైతు చేతికి వచ్చేది ఆ విత్తనం కాదు. దాని ఆరేడు తరాల తరువాతి సంతతి. వారసత్వంగా వచ్చేది మారిన జన్యువు మాత్రమే, కిరణం కాదు.

ఈ పద్ధతిని జన్యుమార్పిడితోనూ కలగాపులగం చేయరాదు. జన్యుమార్పిడిలో సాధారణంగా మరొక జీవి జన్యువును మొక్కలోకి ప్రవేశపెడతారు. వికిరణంలో బయటి జన్యువు ఏదీ చేరదు. మొక్కకు స్వతహాగా ఉన్న జన్యువులలోనే మార్పు కలుగుతుంది. ఉల్లి, మామిడి వంటి సరకులను నిల్వ కోసం, పురుగుల నివారణ కోసం కిరణాలకు గురిచేయడం వేరొక ప్రక్రియ. అక్కడ కొత్త వంగడాన్ని సృష్టించాలనే ఉద్దేశం ఉండదు.

అయినంత మాత్రాన ఈ పద్ధతి లోపరహితమని భావించరాదు. కిరణం గుడ్డిది. ఏ జన్యువుపై పడాలో దానిని ఆదేశించలేము. మంచి మార్పుతో పాటు చెడు మార్పులు కూడా అదే మొక్కలో చోటు చేసుకోవచ్చు. వాటిని తొలగించడానికి మాతృకతో మళ్ళీ మళ్ళీ సంకరణం చేయవలసి వస్తుంది. ఒకటి రెండు జన్యువుల అధీనంలో ఉండే రంగు, ఎత్తు, పంటకాలం వంటి లక్షణాలను మార్చడం ఈ పద్ధతిలో తేలిక. అనేక జన్యువుల కూడికవల్ల ఏర్పడే దిగుబడి వంటి లక్షణాలను మార్చడం కష్టం. కాబట్టి ఇది సంకరణానికి ప్రత్యామ్నాయం కాదు, సహాయకారి.

నేడు డి.ఎన్.ఎ.లోని అక్షర క్రమాన్ని చదివే పరికరాలు అందుబాటులోకి వచ్చాయి. ఏ మొక్కలో ఏ జన్యువు మారినదో లేత మొలక దశలోనే తెలుసుకోగలుగుతున్నారు. కోరిన చోటనే మార్పును కలిగించే జన్యు సవరణ విధానం కూడా ఆవిర్భవించింది. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు సాంబమసూరిలోని ఒక జన్యువును ఈ విధానంలో సవరించి రూపొందించిన డి.ఆర్.ఆర్. ధాన్-100 'కమల' అనే వంగడాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. జన్యు సవరణకు ఏ జన్యువును మార్చాలో ముందుగా తెలియాలి. ఆ జ్ఞానం లేని చోట, ఎవరూ ఊహించని కొత్త లక్షణాలను వెలికితీయడానికి కిరణాల పద్ధతికి నేటికీ ప్రయోజనం ఉంది.

రుతువులు గతి తప్పుతున్న ఈ రోజులలో వానకు, ఎండకు, చౌడుకు, చీడకు తట్టుకొనే కొత్త వంగడాల అవసరం నానాటికీ పెరుగుతున్నది. కిరణం విత్తనంలో ఒక అవకాశాన్ని మాత్రమే కల్పిస్తుంది. ఆ అవకాశం పంటగా మారాలంటే వేల మొక్కల నడుమ ఎండలో నడిచి, ఒక్కొక్కదానినీ పరిశీలించి, పనికిరానిదాన్ని నిర్మోహంగా విడిచిపెట్టి, పనికివచ్చేదాన్ని తరతరాలు కాపాడే మానవ ప్రయత్నం కావాలి. కోయంబత్తూరు క్షేత్రంలో తనంత తానుగా మొలిచిన మొక్కను గుర్తించిన చూపు, తొమ్మిది నెలల ఆముదంలో నాలుగు నెలల మొక్కను వెదకిన చూపు ఒక్కటే. అటువంటి చూపును, ఓర్పును అలవరచుకొనే యువతరం కోసం నేటి వ్యవసాయ పరిశోధనా రంగం ఎదురుచూస్తున్నది.